నాయక్ రుమాలు, నాలుగు డబ్బాలు

పోయిన వారం కళావతి ఫోన్ల నోరు జారిన కాడ ఆగినం. నడుమల వచ్చినోళ్ల కోసం జర ఎనుకకు పోయి వద్దాం.

కళావతిది గార్ల దిక్కు తండా. తండ్రి లింగ్యా ఆ తండాకు నాయక్, అంటే లంబాడోళ్ల పెద్దమనిషి. ఐదేండ్ల సంది ఆమె ఒక్క ప్రశ్న మీదనే పీహెచ్‌డీ చేస్తున్నది. ఎనిమిది వందల ఏండ్ల కింద గడ్డి మైదానాల్ల గుర్రాలేసుకొని తిరిగి, సగం ప్రపంచాన్ని గడగడలాడించిన ఖాన్‌లు నడిపింది రాజ్యమా, వట్టి చుట్టరికమా? గైడ్ భూపాల్ సార్ జనగామల ఉంటడు, కొడకండ్ల భూములున్న ఇంటి మనిషి. ఈ ఐదేండ్లల్ల ఆయన కళావతి కాయితాల మీద పెట్టిన ఎర్రసిరాతోని జనగామ నుంచి మహబూబాబాద్ దాంక రోడ్డుకు రెండు దిక్కుల గీత గియ్యొచ్చు. వచ్చే శనివారం సార్ రిటైర్ అయితడు. ఆలోపల సంతకం పడకుంటే కళావతికి కొత్త గైడ్ వస్తడు, ఆయన మొదటి పేజీ కెల్లి మళ్ల మొదలువెట్టమంటడు, ఆమెకు మనుమలు పుట్టినంక డాక్టరేట్ వస్తది.

సార్ అడిగింది పెద్ద ముచ్చటేం గాదు. ఒక తెల్ల కాయితం మీద పెన్సిల్‌తోని నాలుగు డబ్బాలు గీసి ఇచ్చిండు. మొదటిది తెగ: అందరు చుట్టాలే, ఎవ్వడు ఎవ్వని మాట ఇనడు. రెండోది కూటమి: లొల్లి వస్తే కలుస్తరు, లొల్లి అయిపోంగనే ఇడిపోతరు. మూడోది పెద్దరికం: ఒక ఇంటోళ్లే పెద్దోళ్లు, తాత తర్వాత తండ్రి, తండ్రి తర్వాత కొడుకు. నాలుగోది రాజ్యం: పన్ను, పోలీసు, అన్నీ రాసుకునే గుమాస్తా. "ఒక్కదాంట్ల టిక్కు పెట్టు, సంతకం పెడ్త" అన్నడు. కళావతి పెట్టలే. కోపానికొచ్చి ఫోన్ల, "ఒక్కసారి మా తండాకు రాండ్రి సార్, టిక్కు మీరే పెడ్దురు గని" అన్నది. ఆ మాటకు ఏ గైడైనా ఫోన్ పెట్టేస్తడు. సార్ "ఆదివారం వస్తున్న" అని పెట్టేసిండు.

నిజంగనే వచ్చిండు. సార్ కారు జనగామల ఐదింటికి బయల్దేరి తొమ్మిదిన్నరకు తండా చేరింది. తొవ్వల రెండు ఎడ్లబండ్లు దాన్ని దాటేసి పోయినయని తండాల చెప్పుకుంటరు. రెండో బండి ముచ్చట అబద్ధం కావొచ్చు.

అది మిర్చి ఎండబెట్టే దినాలు. ఎనభై ఇండ్ల తండా, ఎటు చూసినా ఎర్రటి కల్లాలే. పైనుంచి పోయే విమానం కూడ జర తుమ్ముకుంటనే పోతున్నది. సార్ కారు దిగంగనే పదకొండుసార్లు తుమ్మి, జేబుల కెల్లి ఆ కాయితం, ఒక పెన్సిల్, ఒక రబ్బరు తీసిండు.

"ఏది మీ సామ్రాజ్యం?" అన్నడు.

"పంచాయతి ఆఫీసు కాడ కూసున్నది సార్" అన్నది కళావతి.

తండా గ్రామపంచాయతి అయినంక కట్టిన ఆఫీసు అది. లోపలికి తాళం ఉన్నది, తాళంచెవి సెక్రటరీ తాన ఉన్నది, సెక్రటరీ యాడున్నడో ఆయన ఇంటోళ్లకు కూడ తెల్వదు. అందుకని నాయక్ కూటం ఆఫీసు గోడ నీడల, బయట చాపల మీద కూసున్నది. నడుమల లింగ్యా, నెత్తికి ఎర్ర రుమాలు. ఇరవై ఆరేండ్ల సంది ఆ రుమాలు నెత్తి మీదికెల్లి దిగలేదు. చలిజ్వరం వచ్చి దవాఖానల పండుకున్ననాడు కూడ డాక్టర్ దాని మీదనే తడిబట్ట వేసిండు.

లొల్లి ఏందంటే, హరిలాల్ కోడె తెంపుకొని పోయి హీర్యా కల్లంల పడ్డది. మిర్చి తొక్కింది, చాలక అందులనే పొర్లింది. మిర్చిల పొర్లిన కోడె ఎట్ల ఉరుకుతదో చూసినోళ్లకే ఎరుక. రెండు దినాలు దాన్ని ఎవ్వలు పట్టలేకపోయిన్రు.

హీర్యా లేచి నిలబడి, చేతులూపుకుంట తమ భాషల పావుగంట మాట్లాడిండు.

"ఏమంటున్నడు?" అన్నడు సార్.

"హరిలాల్ ప్రవర్తన మీద అసంతృప్తి వ్యక్తం చేస్తున్నడు సార్" అన్నది కళావతి. హీర్యా అన్నదాంట్ల సార్ ముంగట చెప్పదగ్గ మాట ఇంకొకటి లేకుండె.

"ఎవలాయన?"

"మా సర్పంచ్."

సార్ పెన్సిల్ ఆగింది. "సర్పంచా? ఓట్లేసి గెలిపించిన సర్పంచ్? సర్కారు మనిషి వచ్చి నాయక్ ముంగట ఫిర్యాదు చేసుకునుడేంది? ఈయనే తీర్పు చెప్పాలె గద?"

"మిర్చి ఆయనదే గద సార్. తన కల్లం ముచ్చట తనే ఎట్ల తెంపుకుంటడు?"

సార్ మూడో డబ్బాల, పెద్దరికం కాడ, సన్నగ ఒక టిక్కు పెట్టిండు. "చూసినవా? సర్పంచ్ ఉత్త పేరుకే, అసలు పెద్ద మీ నాయినే. తేలిపాయె."

ఇగ లింగ్యా తీర్పు చెప్తడని సార్ చెవులు రిక్కించిండు. లింగ్యా ఏం చెప్పలే. మూలకున్న ముసలామెను అడిగిండు, ఆమె కొడుకును అడిగిండు. హరిలాల్ పెండ్లాన్ని అడిగిండు, ఆమె అందరికంటే ఎక్కువ చెప్పింది. కోడెను అడుగుడొక్కటే తక్కువ. రెండు గంటలైంది. సార్ రెండుసార్లు కునుకు తీసిండు. ఆఖరుకు ఎవలో ఎనుక కెల్లి, "తొక్కినంత మిర్చి హరిలాల్ ఇంటోళ్లు ఏరి, కడిగి, మళ్ల ఎండబెట్టియ్యాలె" అన్నరు. ఇంకెవలో "మూడు దినాలు" అన్నరు. "ఔను, మూడు దినాలు" అన్నరు అందరు. అప్పుడు లింగ్యా గొంతు సవరించుకొని, "మూడు దినాలు" అన్నడు.

"అంతేనా?" అన్నడు సార్. "గిది అందరు ముందే అన్నరు గద! మీ నాయిన కొత్తగ చెప్పిందేంది?"

"ఏం లేదు సార్. అందరు అన్నంకనే బాపు అంటడు. ముందుగాల అన్నడనుకో, ఎవ్వలు ఇనరు."

సార్ మూడో డబ్బాల టిక్కు రబ్బరు పెట్టి తుడిచిండు. మొదటి డబ్బాల, తెగ కాడ, గట్టిగ పెట్టిండు. "అంటే అధికారం లేదు. ఉత్త చుట్టరికం."

ఆ టిక్కు పెట్టి ఊపిరి పీల్చుకున్నడో లేదో, దుమ్ము లేపుకుంట ఒక బండి వచ్చి ఆగింది. పక్క ఊరి పెద్దమనిషి పంపిన మనిషి. దిగకుంటనే అన్నడు: "ఏయ్, గాడ హరిలాల్ ఎవడు? వాని కోడె మా మక్కచేన్ల పడ్డది. మా పెద్దసార్ తోలుకరమ్మన్నడు. నడువ్."

ఇప్పటిదాంక కూటంల హరిలాల్‌ను తిట్టనోళ్లు ఎవ్వలు లేరు. సొంత పెండ్లాం తిట్టింది. గని ఆ మాట చెవిల పడంగనే ఎనభై ఇండ్లు ఒక్కసారి నోరు మూసినయి. ఎవ్వలు ఎవ్వల దిక్కు చూడలే. లింగ్యా లేచిండు, రుమాలు కొస ఒకసారి సర్దుకున్నడు, తెలుగుల అన్నడు:

"ఈడ హరిలాల్ కోడె లేదు. ఈడున్నయన్నీ తండా కోడెలే. అడిగేది ఉంటే నన్ను అడుగు."

"నీతో నాకేం పని, వాన్ని పిలువ్..."

"బండి దిగి మాట్లాడు."

వాడు దిగిండు. ఎందుకు దిగిండో వానికే తెల్వదు. లింగ్యా హీర్యా దిక్కు ఒక్క చూపు చూసిండు. ఎవ్వని మాట ఇనని సర్పంచ్ పోయి చెంబుల నీళ్లు తెచ్చిండు, వచ్చినోనికి ఇచ్చిండు. "మక్క ఎంత పోయిందో రేపు మేమే వచ్చి చూస్తం. నష్టం తండా అంతా చందాలేసి ఇస్తది. మనిషిని మాత్రం పంపం. మీ పెద్దసార్‌కు గిట్లనే చెప్పు" అన్నడు లింగ్యా. ఒక్క గొంతు. రెండో మాట లేదు. వాడు నీళ్లు తాగి, చెంబు ఇచ్చి, వచ్చిన తొవ్వ పట్టిండు.

సార్ నోరు తెరుచుకొని చూస్తున్నడు. మొదటి డబ్బా తుడిచి, నాలుగో డబ్బాల, రాజ్యం కాడ టిక్కు పెట్టిండు. "గిది రాజ్యమే! ఆజ్ఞ, రాయబారం, సమిష్టి బాధ్యత..."

బండి మలుపు తిరిగి కండ్లకు కనబడకుండ పోంగనే, హీర్యా హరిలాల్ మీదికి ఎగబడ్డడు. "మక్కచేన్ల కూడ పడ్డదని ముందుగాల ఎందుకు చెప్పలేదురా?" మళ్ల లొల్లి మొదలు. "సర్పంచ్ అయి నీళ్లు మోస్తవా?" అని హీర్యాను ఆయన తమ్ముడే ఎక్కిరించిండు. "తండా ఏసిస్తదని ఎవల్నడిగి అన్నవ్?" అని లింగ్యాను నలుగురు నిలదీసిన్రు.

సార్ నాలుగోది తుడిచిండు. రెండోది, కూటమి, అదొక్కటే మిగిలింది. దాని మీద టిక్కు పెట్టబోయి, "గని వీళ్లంతా ఒక్క తెగనే గద..." అని ఆగి, మళ్ల మొదటిదాంట్లనే పెట్టి, అది కూడ తుడువబోయిండు. రబ్బరు నాలుగోసారి రుద్దే వరకు కాయితానికి బొక్క పడ్డది. ఆ బొక్కల కెల్లి సార్‌కు లింగ్యా రుమాలు ఎర్రగ కనబడ్డది.

"కళావతీ" అన్నడు సార్ మెల్లగ. "జర నీళ్లు ఇప్పియ్యి."

ఇంట్ల నులక మంచాలు వాల్చి, కళావతి తల్లి మోతీబాయి జొన్నరొట్టె, కోడికూర పెట్టింది. సార్ రెండు రొట్టెలు తిన్నంక లింగ్యాను అడిగిండు.

"నాయక్, ఒక ముచ్చట. నువ్వు చెప్పినట్టు ఇనకుంటే ఏం చేస్తవ్?"

"ఏం చేస్త సారూ? నా తాన పోలీసు ఉన్నదా, జైలు ఉన్నదా?" లింగ్యా నవ్విండు. "మా తాత దినాలల్ల అయితే, ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం ఏసుకొని తిరిగే దినాలు. నాయక్ నచ్చకపోతే కొట్లాడుడు ఉండకపోతుండె. తెల్లారకముందే ఎడ్లకు సామాన్లు కట్టుకొని నలభై ఇండ్లోళ్లు లేచిపోయేటోళ్లు. నాయక్ లేచి చూస్తే పొయ్యి రాళ్లు మిగిలి ఉండేటియి. చెయ్యి పెడితే ఇంకా వెచ్చగనే ఉండేటియట. ఆ భయానికే నాయక్ అందర్ని అడిగేటోడు, తనకు వచ్చింది పంచిపెట్టేటోడు. బయటోడు వస్తే మాత్రం ముంగట నిలబడేటోడు. అందుకోసమే గద ఆయన్ని ఉంచుకున్నది."

సార్ తినుడు ఆపిండు. కళావతి ఐదో అధ్యాయంల నలభై పేజీలల్ల చెప్పబోయింది ఆమె తండ్రి ఒక్క రొట్టె అయిపోకముందే చెప్పేసిండు. ఆమెకు సంతోషం అయింది, కోపం కూడ అయింది.

"అదే సార్ నేను రాసింది" అన్నది. "ఆ ఖాన్‌ల భాషల దేశానికి వాడిన మాటకు అసలు అర్థం జనం, భూమి గాదు. ఖాన్ తాన ఎంత భూమి ఉన్నదని ఎవ్వలు అడగలే, ఎంతమంది ఎంట ఉన్నరని అడిగిన్రు. లోపల చూస్తే అన్నదమ్ముల కూటం, బయట కెల్లి చూస్తే చక్రవర్తి. డబ్బా గీసింది ఒక్కతాన కదలకుంట కూసున్నోళ్లు సార్. కదిలేటోళ్లు డబ్బాల ఎట్ల పడ్తరు?"

"మరి ఇప్పుడో?" సార్ లింగ్యానే చూస్తున్నడు. "ఇప్పుడు మీకు పట్టా భూములున్నయి, కరెంటు మీటర్లున్నయి. ఎవ్వలు లేచిపోలేరు."

లింగ్యా రొట్టె పక్కకు పెట్టిండు. "అదే సారూ నా పరేషాన్. ఇప్పుడు నా మాట ఇంటున్నరంటే నచ్చి ఇంటున్నరా, పోయే తొవ్వ లేక ఇంటున్నరా? నాకు తెలుస్తలేదు. పొయ్యి రాళ్లే సల్లగైనయో వెచ్చగున్నయో చెప్పేటియి. ఇప్పుడు అందరింట్ల గ్యాస్."

సార్ చేతిల రొట్టెముక్క అట్లనే ఉన్నది. "మా కొడకండ్ల ఇంట్ల మా తాత మాట ఊరంతా ఇనేటోళ్లు" అన్నడు. "చిన్నప్పుడు నేను అది మర్యాద అనుకున్న. ఆయన పోయినంక తెలిసింది. ఊర్ల భూమంతా మాదే, ఎవ్వలు ఎటు పోయినా మా పొలం గట్టే అడ్డం వచ్చేది. దానికి నేను ముప్పై ఏండ్లు క్లాసుల రాజ్యం అనే పేరు పెట్టి చెప్పిన." పెద్దగ ఊపిరి ఇడిసిండు. "నా డబ్బాలే తప్పు కావొచ్చు బిడ్డా. ఏదా కాయితం?"

కళావతి గుండె కోడె లెక్క దుంకింది. సంతకం పెట్టే పేజీ తెచ్చి, మంచం మీద సాపు చేసి పెట్టింది. సార్ పెన్ను మూత తీసిండు. పెట్టబోయి, ఐదో అధ్యాయం ఆఖరు పేరా ఒకసారి పైకి చదివిండు, మురిపెంగ: "'పోలిక కోసం: నా సొంత తండాల, మా తండ్రి లింగ్యా తొమ్మిది తరాలుగ వస్తున్న నాయక్ వంశం మనిషి...' ఇది మస్తు బలం, కళావతీ. తొమ్మిది తరాలు!"

పొయ్యి కాడ మోతీబాయి చేతిల రొట్టె ఆగింది.

"తొమ్మిది ఎవలు చెప్పిన్రు?" అన్నది.

"మన ధాడీ పాడిండు గద, యాడీ" అన్నది కళావతి. యాడీ అంటే అమ్మ. ధాడీ అంటే తండా తండా తిరిగి వంశాల పేర్లు పాడేటోడు. "నేనే రికార్డ్ చేసిన."

"ఆ ఏడు మీ బాపు వానికి లేగదూడను ఇచ్చిండు. అంతకుముందు మూడు తరాలే పాడేటోడు. ఇంకో దూడ ఇస్తే నీ చెంగీజ్ ఖాన్ కూడ మనింటి చుట్టమయ్యేటోడు."

సార్ నవ్విండు. మోతీబాయి నవ్వలే.

"సారూ, నా బిడ్డ రాసింది పుస్తకమైతది. మా పుట్టినిల్లు టేకుమట్ల దిక్కు తండా. ఆడ చదివేటోళ్లున్నరు. ఇది చూసి నవ్వుతరు, దాని చదువునే తప్పంటరు. అందుకని చెప్తున్న. తెల్లారి లేచి పొయ్యి రాళ్ల మీద చెయ్యి పెట్టి చూసింది ఈయన తాత గాదు, మా తాత. నాయక్ మా తాతనే. ఈయన తాత మా తాత కింద కార్‌భారి, పనులు చూసేటోడు. నలభై ఇండ్లను లేపుకొని పోయింది ఆయనే. ఈడికొచ్చినంక తనే రుమాలు కట్టుకున్నడు. ఆ పగ సల్లారాలెనని నన్ను ఈ ఇంటికి ఇచ్చిన్రు. అసలు రుమాలు ఇప్పటికీ మా అన్న పెట్టెల ఉన్నది."

కళావతికి ఎక్కడెక్కడో చదివినయి అన్నీ ఒక్కసారి యాదికొచ్చినయి. తైమూర్ అంతటోడు కూడ ఖాన్ వంశం గాదని ఖాన్ అనే పేరు పెట్టుకోలే, ఆ వంశపోన్ని ఒకన్ని ముంగట కూసోబెట్టి ఎనుక కెల్లి ఏలిండు. గది మూడో అధ్యాయంల తనే రాసింది, నవ్వుకుంట రాసింది. తనింట్లనే ఉన్నది చూడలే.

"బాపూ, నిజమేనా?"

లింగ్యా చెయ్యి రుమాలు కొస మీదికి పోయింది.

భూపాల్ సార్ పెన్నుకు మూత పెట్టిండు. "ఆ పేరా తీసేస్తే సంతకం పెడ్త అనొచ్చు నేను" అన్నడు. "గని దాని మీదనే అధ్యాయమంతా నిలబడ్డది. నిజం రాస్తే ఇంకా గట్టి అధ్యాయం అయితది. రాస్తే మీ నాయిన..." అని ఆపిండు. మిగిలింది అందరికి తెలిసిందే.

"రాయి బిడ్డా" అన్నడు లింగ్యా. "ఉన్నదున్నట్టు రాయి."

రెండు చేతులు పైకెత్తి, దవాఖానల కూడ దిగని ఆ రుమాలును తీసి, మంచం నడుమల, సంతకం కాయితం పక్కన పెట్టిండు. అది లేకుంటే లింగ్యా నెత్తి చిన్నగ, తెల్లగ, ఎవలదో పరాయి మనిషి నెత్తి లెక్క ఉన్నది. సార్ తల పక్కకు తిప్పుకున్నడు.

అప్పుడు చూసింది కళావతి, గుమ్మంల హరిలాల్ నిలబడి ఉన్నడు. పొద్దుగాల తన తరఫున నిలబడ్డందుకు నాయక్‌కు ఇద్దామని పెరుగు కుండ పట్టుకొచ్చిండు. ఎప్పటి సంది ఉన్నడో తెల్వదు గని కుండల పెరుగు తొణకలేదు, అంటే చానాసేపే అయింది. హరిలాల్ చెవిల పడ్డ ముచ్చట ఎనభై ఇండ్లు తిరగనీకి ఎనిమిది నిమిషాలు చాలు. కోడె కంటే జల్ది ఉరుకుతది.

హరిలాల్ కుండ కింద పెట్టిండు. చెప్పులిడిసి లోపలికొచ్చిండు. మంచం మీది రుమాలును రెండు చేతులతోని ఎత్తుకున్నడు. లింగ్యా దిక్కు చూడలే, సార్ దిక్కు చూడలే. పొయ్యి కాడున్న మోతీబాయి ముంగట పోయి నిలబడ్డడు.

"వదినె" అన్నడు. "మడత పెట్టాల్నా, మళ్ల ఆయన నెత్తికి కట్టాల్నా?"

మోతీబాయి పిండి చేతులు కొంగుకు తుడుసుకొని, లేచి చెయ్యి చాపింది.